ఇంజన్ ఆపించండి: చిలికాలో డాల్ఫిన్లను చూసే పద్ధతి

ఒడిశాలోని చిలికా సరస్సుకి వెళ్ళొచ్చినవాళ్ళని అడిగి చూడండి. "ఏముందండీ, రెండు గంటలు బోటులో తిప్పాడు, నల్లగా ఏదో ఒకటి ఇలా లేచి అలా మునిగింది, అంతే" అంటారు. మొదటిసారి నాదీ అదే కథ. ఫోన్లో నలభైకి పైగా ఫొటోలు, అన్నిట్లోనూ నీళ్ళే, ఒకదాంట్లో మాత్రం మా బావమరిది మోచెయ్యి. ఇదిగో డాల్ఫిన్ అని ఇంటికొచ్చి అందరికీ చూపించిన ఫొటోని మా అమ్మాయి జూమ్ చేసి చూసి, అది వలకి కట్టిన థర్మాకోల్ ముక్క అని తేల్చేసింది.

రెండోసారి ఒక పెద్దాయన బోటు దొరికింది. ఆయన మమ్మల్ని ఒక చోటికి తీసుకెళ్ళి, ఇంజన్ ఆపేసి, బీడీ వెలిగించుకుని కూర్చున్నాడు. మాకు ఒళ్ళు మండింది. డబ్బులిచ్చింది నీళ్ళ మధ్య కూర్చోడానికా? పది నిమిషాలు గడిచాయో లేదో, మా వెనకాల, గేదె చెరువులోంచి ముక్కు పైకెత్తి ఊదినట్టు ఒక చప్పుడు. తిరిగి చూసేలోపే ఇంకొకటి, కొంచెం చిన్నది. తల్లీ పిల్లా. ఆ రోజు దాదాపు ముప్పావు గంట వాటినే చూస్తూ కూర్చున్నాం, అవి మా చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. అప్పటి నుంచి చిలికా వెళ్తున్నామని ఎవరు చెప్పినా నేను చెప్పే మొదటి మాట ఇదే, ఇంజన్ ఆపించండి. మిగతాదంతా దాని వివరణే.

ముందు సరైన ఒడ్డుకి వెళ్ళండి

విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి భువనేశ్వర్ రైలెక్కితే ఇచ్ఛాపురం దాటాక కుడిపక్క కిటికీలోంచి చిలికా కనిపిస్తుంది. అది చూసి చాలామంది రంభలోనో బాలుగాఁవ్‌లోనో దిగి, అక్కడే బోటెక్కేస్తారు. ఆ వైపు దీవులు, కొండలు బాగుంటాయి, శీతాకాలంలో నలబన దగ్గర పక్షులు బాగుంటాయి, కానీ డాల్ఫిన్ కోసమైతే అది తప్పు ఒడ్డు. వాటిలో ఎక్కువ భాగం తిరిగేది సరస్సుకి అవతలి పక్క, సముద్రంతో కలిసే కాలువ దగ్గర. దానికి పూరీ నుంచి సుమారు 50 కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్ళి సాతపడా చేరాలి. ఎలాగూ జగన్నాథుడి దర్శనానికి పూరీ వెళ్ళే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి కాబట్టి, దానికి ఒక పూట కలుపుకుంటే సరిపోతుంది.

అక్కడే ఎందుకుంటాయంటే, చేప అక్కడుంటుంది కాబట్టి. చిలికా ఉప్పునీరూ మంచినీరూ కలిసే సరస్సు, సముద్రపు మొగ తెరుచుకుని ఉంటేనే దానికి ప్రాణం. మొగ ఇసుకతో పూడిపోయి సరస్సు దెబ్బతింటుంటే, 2000 సెప్టెంబర్‌లో కొత్త మొగ తవ్వారు. ఉప్పు మళ్ళీ లోపలికొచ్చింది, చేపలూ రొయ్యలూ పెరిగాయి. పోటుతో చేప లోపలికి, ఆటుతో బయటికి కదులుతుంది, ఆ కాలువలో డాల్ఫిన్ కాపు కాస్తుంది. అందుకే బోటు మాట్లాడుకునేటప్పుడు "ఇప్పుడు నీరు ఎక్కుతోందా, దిగుతోందా" అని అడగండి. జవాబు ఏదైనా పర్లేదు, అసలు ఆ ప్రశ్న అడిగితే మిమ్మల్ని సెల్ఫీ బ్యాచ్‌లో కలపరు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం. పొద్దున్నే వెళ్ళండి, వీలైతే మొదటి బోటు. ఎండ తక్కువని మాత్రమే కాదు, పదిగంటల తర్వాత గాలి లేస్తే నీటి మీద చిన్న చిన్న అలలన్నీ డాల్ఫిన్ వీపుల్లాగే కనిపిస్తాయి, కళ్ళు పోతాయి. ఎక్కేముందు లైఫ్ జాకెట్ ఉందో లేదో చూసుకోండి, ఉందని చెప్పడం వేరు, మీ ఒంటి మీద ఉండటం వేరు.

ఇంకొక్కటి, ఆశ తగ్గించుకోండి. ఈ సరస్సు ఎండాకాలంలోనే 900 చదరపు కిలోమీటర్లు ఉంటుంది, వానాకాలంలో ఇంకా పెద్దది. ఈమధ్య లెక్కల్లో తేలిన డాల్ఫిన్లు 150 అటూ ఇటూ. సరస్సులో బతికే ఈ జాతి డాల్ఫిన్లలో ఇంతకంటే పెద్ద గుంపు ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

మీరు చూడబోయేది టీవీలో డాల్ఫిన్ కాదు

టీవీలో గాల్లోకి ఎగిరి పల్టీలు కొట్టేది, ముక్కు పొడుగ్గా ఉండేది, బాటిల్‌నోస్ డాల్ఫిన్. చిలికాలోది ఐరావతి డాల్ఫిన్. దీనికి పొడుగు ముక్కు లేదు, తల గుండ్రంగా బోడిగుండులా ఉంటుంది, వీపు మీద రెక్క చిన్నది, మొండిగా, నడుము దాటాక ఎక్కడో ఉంటుంది. రెండు నుంచి రెండు మీటర్ల ముప్పావు దాకా పొడవు, పలక రంగు. గాల్లోకి ఎగరడం చాలా అరుదు. సిగ్గరి అనుకోండి. నీటిలోంచి పైకి రావడం కూడా నిదానంగా, ముందు తల, తర్వాత వీపు, తర్వాత ఆ చిన్న రెక్క, ఇక లేదు. మొగకి దగ్గరగా వెళ్తే బాటిల్‌నోస్, మూపురం ఉండే హంప్‌బ్యాక్ డాల్ఫిన్ కూడా ఒక్కోసారి కనిపిస్తాయి, కాబట్టి ముక్కుందా లేదా అని చూడటం మొదటి గుర్తు.

పేరు బర్మాలోని ఐరావతి నదిది గానీ, శాస్త్రవేత్తల చేతికి మొదట చిక్కింది మన విశాఖలోనే. 1852లో విశాఖపట్నం రేవులో దొరికినదాన్ని ఆధారం చేసుకుని 1866లో లండన్‌లో రిచర్డ్ ఓవెన్ దీన్ని వర్ణించాడు. ఇక్కడి నుంచి ఆ వివరాలు సేకరించి పంపించింది వాల్టర్ ఇలియట్, అదే, అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించి శిల్పాలు బయటికి తీయించిన ఇలియట్ దొర. శాస్త్రీయ నామంలో ఉన్న 'బ్రెవిరోస్ట్రిస్' అంటే పొట్టి ముక్కుది అని. విశాఖవాళ్ళు ఈ ముక్క బోటులో చెప్పుకుని కాలర్ ఎగరేయచ్చు.

ఇంజన్ సంగతి

ఆ బోడిగుండు తల ఊరికే లేదు. లోపల నుదుటి దగ్గర కొవ్వు ముద్ద ఒకటుంటుంది. డాల్ఫిన్ నోటితో మాట్లాడదు, తల మీదుండే ఊపిరి రంధ్రం కింద, ముక్కు దారుల్లో గాలిని అటూ ఇటూ నెట్టి టకటకమని చప్పుళ్ళు చేస్తుంది. ఆ కొవ్వు ముద్ద టార్చిలైటు అద్దంలా ఆ చప్పుడుని ఒక దిక్కుకి పంపిస్తుంది. చప్పుడు వెళ్ళి చేపకో వలకో బోటు అడుగుకో తగిలి తిరిగొస్తుంది. వినడం కూడా మనలా చెవి డొప్పతో కాదు, కింది దవడలో ఉన్న కొవ్వు ద్వారా లోపలి చెవికి అందుతుంది. చిలికా నీళ్ళు బురదనీళ్ళు, చెయ్యి ముంచితే వేళ్ళు కనపడవు, అందులో చేపని పట్టాలంటే చెవే కన్ను. గంగానదిలో ఉండే డాల్ఫిన్ అయితే ఇంకా ముదిరిపోయింది, దాని కంట్లో కటకమే లేదు, వెలుతురు ఉందా లేదా అన్నది తప్ప దాదాపు ఏమీ చూడలేదు, చప్పుడు మీదే బతుకంతా. 2009లో దాన్నే మన జాతీయ జలచరంగా ప్రకటించారు.

నీటిలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా, సెకనుకి సుమారు 1,500 మీటర్లు పరిగెడుతుంది. ఇప్పుడు ఆ కాలువలో పది పదిహేను మోటారు బోట్లు ఒకేసారి దడదడలాడుతూ తిరుగుతుంటే డాల్ఫిన్ తల లోపల ఎలా ఉంటుందో ఊహించుకోండి. పెళ్ళిలో డీజే పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టు. పైగా ఆ బోట్ల వెనక తిరిగే పంకా రెక్కలు. చిలికా డాల్ఫిన్ల వీపుల మీద కోత గాయాలు కనిపించడానికి వలలతో పాటు ఆ పంకాలూ కారణమే.

అయితే నేను బోటువాళ్ళని తిట్టను. "డాల్ఫిన్ చూపిస్తేనే డబ్బులు", "ఇంకా దగ్గరికి పోనీ", "వాళ్ళకి కనిపించింది మాకు కనపడలేదు" అని గోల చేసేది మనమే. ఎక్కడో ఒకటి లేస్తే అయిదు బోట్లు దాని మీదికి ఉరుకుతాయి, అది మునుగుతుంది, మళ్ళీ ఎక్కడో లేస్తుంది, మళ్ళీ ఉరుకుడు. ఇందులో అది తినేదెప్పుడు, పిల్లకి పాలిచ్చేదెప్పుడు?

కాబట్టి ఒడ్డు మీదే ఒప్పందం చేసుకోండి. డాల్ఫిన్ కనిపించినా కనిపించకపోయినా ఇంత సమయానికి ఇంత అని. అందులో సగం సమయం ఇంజన్ ఆపి ఉండాలి అని. దగ్గరికి పోవద్దు, కనీసం యాభై మీటర్లు దూరం ఉండాలి, వెంటపడొద్దు, వాటి దారికి అడ్డంగా పోవద్దు అని. ఒడియా రాకపోతే "భాయినా, ఇంజిన్ బంద కరంతు" అనండి చాలు, అర్థమవుతుంది. మొదట వింతగా చూస్తారు, డీజిల్ మిగులుతుందని తెలిశాక వాళ్ళే సంతోషిస్తారు. మీరు ఆగి ఉన్నప్పుడు అదే మీ దగ్గరికి వస్తే అది దాని ఇష్టం, కదలకుండా కూర్చోండి, చెయ్యి నీళ్ళలో పెట్టకండి, బిస్కెట్లు విసరకండి.

చూపు కంటే ముందు చెవి, తర్వాత లెక్క

ఇంజన్ ఆగాక చేసే పని. బోటు ముక్కుని గడియారంలో 12 అనుకోండి, తోకని 6. మనుషుల్ని పంచుకోండి, ఒకరు 12 నుంచి 3 దాకా, ఇంకొకరు 3 నుంచి 6, అలా. అందరూ ఒకే వైపు చూస్తే మూడు వైపులు పోయినట్టే. ఒక్క చోట గుచ్చి చూడకండి, చూపుని వదులుగా నీటి మీద పరవండి, కదలిక అదే తగులుతుంది. ఎండ మెరుపు తగ్గించే పోలరాయిడ్ కళ్ళద్దాలుంటే తెచ్చుకోండి. బైనాక్యులర్ అయితే 8x42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది చాలు, ఇంకా ఎక్కువ పెద్దది చేసేది తెస్తే బోటు ఊగుడుకి ఏమీ కనపడదు, తలనొప్పి మిగులుతుంది.

ఎవరికైనా చప్పుడు వినపడితే "అదిగో అదిగో" అని లేచి నిలబడకండి, బోటు ఒరిగిపోతుంది. "నాలుగు గంటల వైపు" అని మెల్లగా చెప్పి చెయ్యి చూపించండి. ఇప్పుడు సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టండి.

డాల్ఫిన్ చేప కాదు, మొప్పల్లేవు, మనలాగే ఊపిరితిత్తులు. కానీ మనకి ఊపిరి దానంతటదే జరిగిపోతుంది, నిద్రలో కూడా. దానికి అలా కుదరదు, ప్రతి ఊపిరీ గుర్తు పెట్టుకుని పైకొచ్చి తీసుకోవాల్సిందే. మరి నిద్ర? మెదడులో సగం నిద్రపోతుంది, సగం మేలుకుని ఊపిరి చూసుకుంటుంది, తర్వాత డ్యూటీ మారుతుంది. ఒక్క ఊపిరిలో ఊపిరితిత్తుల్లో గాలిని 80 నుంచి 90 శాతం దాకా మార్చేస్తుంది. మామూలుగా కూర్చున్నప్పుడు మనం మార్చేది పది పదిహేను శాతమే. మీకు వినపడే ఆ "ఫూ" అంత గట్టిగా ఉండటానికి కారణం అదే, పాత గాలిని ఒక్కసారిగా బయటికి తన్ని, కొత్తది పీల్చి, రంధ్రం మూసేయడం అంతా ఒక సెకను లోపు జరిగిపోతుంది. దాచుకునేది కూడా గాలిని కాదు, ఆక్సిజన్‌ని, అదీ ఎక్కువగా రక్తంలో, కండరాల్లో. కండలు నల్లగా కనిపించేంతగా, ఆక్సిజన్‌ని పట్టి ఉంచే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ వాటిలో నిండి ఉంటుంది.

దీనివల్ల మీకేం లాభమంటే, ఊపిరికి ఒక వరస ఉంటుంది. రెండు మూడు సార్లు దగ్గర దగ్గరగా, కొద్ది సెకన్ల తేడాలో పైకొస్తుంది, తర్వాత వీపు బాగా విల్లులా వంచి మునుగుతుంది. వీపు వంగిందంటే ఈసారి కాస్త లోతుకి పోతోందని, ఒక నిమిషమో రెండు నిమిషాలో కనపడదని. ఆ లెక్క ఒక్కసారి అందితే ఇక మీరు దాని కోసం వెతకరు, దానికంటే ముందే కెమెరా అటు పెట్టుకుని కూర్చుంటారు. నా ఫోన్లో ఉన్న ఒకే ఒక్క మంచి ఫొటో అలా వచ్చిందే. "డెబ్బై ఎనిమిది, డెబ్బై తొమ్మిది" అని మా అమ్మాయి లెక్కపెడుతుంటే ఎనభై మూడుకి లేచింది.

పెద్ద ఊపిరి పక్కనే చిన్న ఊపిరి, అదీ త్వరత్వరగా వినిపిస్తే పిల్ల ఉందన్నమాట. పిల్లకి ఇంకా పైకి రావడం సరిగ్గా చేతకాదు, తల మొత్తం బయటపెట్టి ధబ్బున పడుతుంది. తల్లి పక్కటెముకలకి అంటుకున్నట్టు ఈదుతుంది, అలా ఈదితే తల్లి కోసిన నీటి వాలులో దానికి సగం శ్రమ తప్పుతుంది, లారీ వెనక సైకిల్ తొక్కినట్టు. పద్నాలుగు నెలలు మోసి కన్న ఒక్క పిల్ల అది. పాలు నీటి అడుగునే తాగుతుంది. పిల్ల కనిపిస్తే మాత్రం ఇంకో బోటు వాళ్ళని చెయ్యూపి పిలవకండి, దయచేసి. మెల్లగా తెడ్డుతోనో గెడతోనో వెనక్కి జరగండి.

ఏం చేస్తోందో ఎలా తెలుస్తుంది

ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ, అస్తమానం దిశ మారుస్తూ, పైన కొంగలూ రేవు పిట్టలూ ఎగురుతూ ఉంటే అది వేట. చేపలు నీటి మీద చిందులు తొక్కడం కూడా కనిపిస్తుంది. ఈ జాతికి ఒక తమాషా అలవాటుంది, నోటితో నీళ్ళు పుక్కిలించి ఊస్తుంది, పిచికారీ కొట్టినట్టు. చేపల్ని ఒక చోటికి తోలడానికని పరిశీలించినవాళ్ళు చెప్తారు. ఒకసారి నేను చూశాను, సన్నటి నీటిధార, మళ్ళీ కనపడుతుందేమోనని గంట కూర్చున్నా, కనపడలేదు.

రొయ్యల కోసం నీళ్ళలో గెడలు పాతి కట్టిన వలల కంచెల పక్కన డాల్ఫిన్లు తిరుగుతుంటే ఆశ్చర్యపోకండి, కంచె చేపలకి గోడ లాంటిది, దాని వెంబడి తోలితే పని తేలిక. కానీ ఆ వలలే వాటికి ఉరితాళ్ళు కూడా. చేప మొప్పల దగ్గర ఇరుక్కునేలా వేసే గిల్‌నెట్ వలలో చిక్కితే పైకొచ్చి ఊపిరి తీసుకోలేక మునిగి చచ్చిపోతాయి. నీళ్ళలో పుట్టి నీళ్ళలో మునిగి చావడం వింతగా అనిపిస్తుంది కదా. అదే బర్మాలో ఐరావతి నది మీద కొందరు జాలర్లు ఇదే జాతితో కలిసి వేట చేస్తారు. బోటు అంచు మీద కర్రతో కొట్టి పిలిస్తే, డాల్ఫిన్లు చేపల్ని బోటు వైపు తోలి, ఎక్కడ వల వెయ్యాలో తోకతో సైగ చేస్తాయి. వల మీద పడే గందరగోళంలో తప్పించుకోబోయిన చేపలు వాటికి.

ఒకే దిక్కుగా, సమానమైన సమయానికి లేస్తూ పోతుంటే ప్రయాణం, వెంట పడకండి. చాలా నిదానంగా, దాదాపు తేలుతూ, అందరూ ఒకేసారి ఊపిరి పీలుస్తుంటే విశ్రాంతి. ఒంటికి ఒళ్ళు రాసుకోవడం, బొర్లడం, రెక్క పైకెత్తడం కనిపిస్తే సరదా కబుర్లు అనుకోవచ్చు. తోకతో నీటి మీద చెళ్ళున కొడితే? చిరాకు కావచ్చు, ఒకదానికొకటి కబురు కావచ్చు. మీ బోటు దగ్గరకు వెళ్ళినప్పుడే కొట్టిందంటే మాత్రం మొదటిదే అనుకుని తప్పుకోండి. మునక సమయం ఉన్నట్టుండి పెరిగినా, గుంపు విడిపోయినా, పిల్ల మీకూ తల్లికీ మధ్య పడినా అదే అర్థం.

ఫొటో తీసేవాళ్ళకి ఒక మాట. ముఖం కోసం పాకులాడకండి, వీపు రెక్కని పక్క నుంచి తీయండి. రెక్క వెనక అంచు మీద గాట్లు, మచ్చలు మన వేలిముద్రల్లాంటివి, పరిశోధకులు ఒక్కొక్కదాన్ని గుర్తు పట్టేది వాటితోనే. మళ్ళీ వెళ్ళినప్పుడు మీ పాత ఫొటోతో పోల్చి చూసుకోండి.

పెద్దవి చూడాలనుంటే

తిమింగలాల దగ్గర కూడా పని ఇదే, ఊపిరి చూడటం. దూరం మాత్రం మారుతుంది. మనకి దగ్గర్లో శ్రీలంక దక్షిణాన మిరిస్సా ఉంది. అక్కడ సముద్రం ఒడ్డు నుంచి కొద్ది దూరంలోనే లోతుకి పడిపోతుంది, అందుకే డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా నీలి తిమింగలాలు పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చేంత దగ్గరకి వస్తాయి. వాంతుల మాత్ర బోటెక్కడానికి అరగంట ముందే వేసుకోండి, మొదలయ్యాక వేసుకుంటే అది కూడా సముద్రానికే.

అక్కడ వెతకాల్సింది తెల్లటి ఆవిరి స్తంభం. నీలి తిమింగలం ఊపిరి తొమ్మిది మీటర్ల దాకా నిటారుగా లేస్తుంది, మూడంతస్తుల మేడంత. ఏటవాలుగా, ముందుకీ ఎడమకీ వాలి లేస్తే అది స్పెర్మ్ తిమింగలం, దాని ఊపిరి రంధ్రం తలకి ఎడమ కొసన ఉంటుంది కాబట్టి. హంప్‌బ్యాక్ తిమింగలంది పొదలా పొట్టిగా ఉంటుంది. పళ్ళున్నవాటికి, అంటే డాల్ఫిన్లకీ స్పెర్మ్ తిమింగలానికీ ఒక రంధ్రం, పళ్ళ బదులు జల్లెడ లాంటి బలీన్ ఉన్నవాటికి రెండు. తోక పైకెత్తి మునిగిందంటే నిలువునా లోతుకి పోయిందన్నమాట, ఇక పది నిమిషాలు టీ తాగచ్చు. అది మునిగిన చోట నూనె పోసినట్టు నున్నటి గుండ్రటి మడుగు మిగులుతుంది, తోక తోసిన నీరు పైకి లేచి అలల్ని అణిచేయడం వల్ల. లోపల ఆ సమయంలో నీలి తిమింగలం గుండె ఎంత నెమ్మదిస్తుందో కాలిఫోర్నియాలో మాంటెరే దగ్గర కొలిచారు, 2019లో అచ్చయింది, నిమిషానికి రెండు సార్లు కొట్టుకున్న సందర్భాలున్నాయి. బే ఏరియాలో ఉన్న మనవాళ్ళకి ఆ మాంటెరే కారులో ఒక పూట ప్రయాణం, అక్కడ దాదాపు ఏడాది పొడుగునా ఏదో ఒక తిమింగలం ఉంటుంది.

మన తీరంలో ఒడ్డుకొస్తే

మన దగ్గర ఏదైనా పెద్దది ఒడ్డుకు కొట్టుకొస్తే ఫోన్లలో తిరిగే మొదటి మాట 'తిమింగలం'. ఒక్కసారి తోక చూడండి. తోక నిలువుగా, పక్కలకి ఊపేలా ఉంటే అది చేప, చాలాసార్లు తిమింగల సొర, ఒంటి మీద తెల్ల చుక్కలుంటాయి, పక్కన మొప్పల చీలికలుంటాయి. 2021 డిసెంబర్‌లో విశాఖ దగ్గర తంతడి తీరంలో వలలో పడితే అటవీశాఖవాళ్ళూ మత్స్యకారులూ కలిసి సముద్రంలోకి పంపించింది దాన్నే. తోక పరుపులా అడ్డంగా, పైకీ కిందకీ ఊపేలా ఉంటే తిమింగలమో డాల్ఫినో. ఆ తేడా ఎందుకంటే వీటి పూర్వీకులు నేల మీద నాలుగు కాళ్ళతో పరిగెత్తినవి, పరుగులో వెన్ను పైకీ కిందకీ వంగుతుంది, ఈతలోనూ అదే మిగిలింది. జమ్మూ కాశ్మీర్‌లోని కాలాకోట్‌లో ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త ఏరి దాచిన రాళ్ళలోంచే, ఆయన పోయాక, ఇండోహ్యస్ అనే చిన్న గిట్టల జంతువు ఎముకలు బయటపడ్డాయి. పిల్లి కంటే కాస్త పెద్దది అంతే, చెవి ఎముక మాత్రం తిమింగలాల్లో ఉండేలాంటిదే.

ఒడ్డున పడింది ప్రాణంతో ఉంటే జనం చేసే మొదటి తప్పు, తోక పట్టుకుని సముద్రంలోకి లాగడం. వద్దు. వెన్ను దెబ్బతింటుంది. అసలు చాలాసార్లు జబ్బు చేసే ఒడ్డుకొస్తుంది, తోసినా మళ్ళీ వస్తుంది. 2016 జనవరిలో తమిళనాడులో తిరుచెందూర్ దగ్గర ఎనభైకి పైగా పైలట్ తిమింగలాలు ఒడ్డుకొచ్చినప్పుడు జాలర్లు రాత్రంతా కష్టపడి తోస్తే కొన్ని మళ్ళీ తిరిగొచ్చేశాయి, తోటివాటిని వదిలి పోలేని గుంపు జీవులు అవి. ముందు అటవీశాఖకీ పోలీసులకీ ఫోన్ చెయ్యండి. వాళ్ళొచ్చేలోపు జనాన్నీ కుక్కల్నీ దూరం పెట్టండి. బోర్లా, పొట్ట కిందికి ఉండేలా చూడండి, పక్క రెక్కల కింద ఇసుక తవ్వి గుంట చెయ్యండి. తడి చీరలూ దుప్పట్లూ కప్పి నీళ్ళు పోస్తూ ఉండండి, ఎందుకంటే ఆ కొవ్వు పొరతో బయట ఎండలో లోపల ఉడికిపోతుంది. తల మీది ఊపిరి రంధ్రం మీద మాత్రం గుడ్డ పడకూడదు, ఒక్క చుక్క నీరు పోకూడదు. పైన నీడకి ఏదైనా పట్టండి. అరవకండి, అది వింటోంది.

చనిపోయినదైతే ఎక్కి నిలబడి ఫొటోలు దిగకండి, లోపల గ్యాస్ పట్టి పగలొచ్చు, రోగాలు అంటుకోవచ్చు. కోసి అంబర్‌గ్రిస్ వెతుకుదామనుకునేవాళ్ళకి, పేపర్లలో తిమింగలం వాంతి అంటారు గానీ అది స్పెర్మ్ తిమింగలం పేగుల్లో అరగని స్క్విడ్ ముక్కుల చుట్టూ తయారయ్యేది, మన దేశంలో దగ్గర ఉంచుకోవడమే వన్యప్రాణి చట్టం కింద నేరం. దూరం నుంచి తలకి ఒకటి, వీపు రెక్కకి ఒకటి, తోకకి ఒకటి, మొత్తం శరీరానికి ఒకటి ఫొటో తీసి అటవీశాఖవాళ్ళకి పంపండి. మొత్తం శరీరం తీసేటప్పుడు మీ చెప్పు ఒకటి సరిగ్గా దాని పక్కనే, కెమెరాకి అంతే దూరంలో ఇసుకలో పెట్టండి, ఎన్ని అడుగులుందో వాళ్ళు దాన్ని బట్టి లెక్క కట్టుకుంటారు.